నా మెదడు సాక్ష్యం నమ్మడం మానేశాను

కొకెయిన్ ఒంట్లో ఎక్కువ కాలం నిలవదు. రక్తంలో ఉన్నది సుమారు గంటకే సగానికి పడిపోతుంది. శరీరం దాన్ని విడగొట్టగా మిగిలే బెంజోయిల్‌ఎక్గోనిన్ అనే పదార్థం మూత్రంలో 2 నుంచి 4 రోజులు కనిపిస్తుంది. విడవకుండా వాడినవారిలో మరికొన్నాళ్లు ఉంటుంది. ఆ తర్వాత పరీక్షలో ఏమీ దొరకదు. వ్యసన విముక్తి కేంద్రంలో చేరిన కొద్ది రోజులకే నా ఫలితం కూడా అలాగే వచ్చింది. ఆ కాగితం చూసి అక్క "అమ్మయ్య, పోయింది" అంది.

"ఒంట్లోంచి పోయిందమ్మా" అన్నారు డాక్టరుగారు. "అది రోజూ వస్తుందన్న లెక్కతో మెదడు చేసుకున్న సర్దుబాట్లు పోలేదు. వాటికి నెలలు పడుతుంది." తర్వాత నావైపు తిరిగి, "ఈ నెలల్లో మీకు అనిపించే ప్రతిదాన్నీ నిజమనుకోకండి. బాగుందనిపించినా సరే, బాగాలేదనిపించినా సరే" అన్నారు.

నా వృత్తి లెక్కల తనిఖీ. గుమాస్తా ఎంత నిజాయితీపరుడైనా అతని నోటి మాట మీద నిల్వ ఒప్పుకోం. పెట్టె తెరిపించి నగదు లెక్కపెడతాం. డాక్టరుగారు అడుగుతున్నది కూడా అదే అని నాకు అప్పుడే అర్థమైంది. కాకపోతే ఇక్కడ గుమాస్తానూ నేనే, తనిఖీదారునూ నేనే. ఆ ఏడాదంతా నా అనుభూతి ఒకటి చెప్పడం, కొలత మరొకటి చెప్పడం ఎన్నిసార్లు జరిగిందో చూశాక, మొదటిదాన్ని నమ్మడం దాదాపు మానేశాను.

ముందు సర్దుబాట్ల సంగతి. నాడీకణం డోపమైన్ అనే సంకేత రసాయనాన్ని పక్క కణంవైపు వదిలాక, పని అయిపోగానే దాన్ని వెనక్కి లాగేసుకునే ఒక రవాణా ప్రోటీన్ ఉంటుంది. కొకెయిన్ వెళ్లి దానికి అడ్డుపడుతుంది. అలాంటివే అయిన సెరొటోనిన్‌ను, నారడ్రినలిన్‌ను వెనక్కి తీసుకునే ప్రోటీన్లకూ అడ్డుపడుతుంది కానీ వ్యసనం విషయంలో ప్రధాన పాత్ర డోపమైన్‌దే. వెనక్కి వెళ్లాల్సిన డోపమైన్ రెండు కణాల మధ్య సందులో పోగుపడి పదేపదే మోగుతూనే ఉంటుంది. డోపమైన్ అంటే ఆనందాన్నిచ్చే రసాయనం అని అందరూ రాసేస్తుంటారు. చదివినప్పుడల్లా నాకు చిరాకు. 1990లలో వుల్ఫ్రమ్ షుల్ట్జ్ అనే నాడీశాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో తేలినది వేరు. అనుకోకుండా పళ్లరసం దొరికితే డోపమైన్ కణాలు చురుకుగా స్పందించాయి. రసం వస్తుందని ముందే సూచన ఇవ్వడం అలవాటయ్యాక అవి రసానికి కాక ఆ సూచనకే స్పందించాయి. సూచన వచ్చి రసం రాకపోతే మామూలు స్థాయికన్నా కిందికి పడిపోయాయి. అంటే అది "అనుకున్నదానికన్నా బాగుంది, గుర్తుపెట్టుకో" అని చెప్పే సంకేతం. మామూలు సుఖాలు అలవాటైన కొద్దీ ఆ సంకేతం చల్లబడుతుంది. కొకెయిన్ మాత్రం నేరుగా ప్రోటీన్‌కే అడ్డుపడుతుంది కాబట్టి, ఎన్నోసారి తీసుకున్నా మెదడుకు "అనుకున్నదానికన్నా బాగుంది" అన్న అబద్ధపు సంకేతమే అందుతుంది. నేను ఆనందం కోసం తీసుకుంటున్నానని చాలాకాలం అనుకున్నాను. చివరి సంవత్సరంలో అందులో ఆనందమన్నది పెద్దగా లేదు, వెతుకులాట మాత్రమే ఉంది. ఆ రెండూ విడిగా నడుస్తాయని ఈ ప్రయోగాల గురించి చదివాకే అర్థమైంది.

ఇంత మోత ఆగకుండా వస్తుంటే మెదడు చెవులు మూసుకోదా? మూసుకుంటుంది. అమెరికాలోని బ్రూక్‌హావెన్ జాతీయ ప్రయోగశాలలో నోరా వోల్కో బృందం 1990ల మొదట్లో, మెదడు లోపలి రసాయనాల పనితీరును చూపే పెట్ స్కాన్లతో దాన్ని చూపించింది. కొకెయిన్ వాడేవారిలో డోపమైన్ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లలో ఒక రకం, డి2 గ్రాహకాలు, తక్కువగా కనిపించాయి. మానేసిన 3, 4 నెలలకు కూడా ఆ లోటు పూడలేదు. అవి ఎంత తక్కువగా ఉంటే, నుదుటి వెనక, కళ్లకు పైభాగాన ఉండే మెదడు ప్రాంతం అంత మందకొడిగా పనిచేస్తున్నట్టు తేలింది. దేనికి ఎంత విలువ ఇవ్వాలి, ఎక్కడ ఆగాలి అని తూచేది ఆ ప్రాంతమే. అదే బృందం 1997లో మరో విషయం బయటపెట్టింది. మానేసినవారికి డోపమైన్ పెంచే మందు ఇచ్చి చూస్తే, మామూలు మనుషుల్లో పెరిగినంత పెరగలేదు. వినే గ్రాహకాలూ తగ్గాయి, చెప్పే గొంతూ తగ్గింది.

ఇక నా సంగతి.

మద్యం మానినవారికి చేతులు వణుకుతాయి. నల్లమందు జాతి మత్తులు మానినవారు వాంతులు, ఒళ్లు నొప్పులతో మెలికలు తిరుగుతారు. కొకెయిన్ మానినవాడు పడుకుని నిద్రపోతాడు. 1986లో ఫ్రాంక్ గావిన్, హెర్బర్ట్ క్లెబర్ అనే వైద్యులు ఈ మానుకునే క్రమాన్ని మూడు దశలుగా రాశారు. ముందు కుప్పకూలడం, తర్వాత వారాల తరబడి సాగే ఉపసంహరణ, ఆ పైన సందర్భాన్నిబట్టి యావ లేచి అణిగే సుదీర్ఘ దశ. మొదటి దశలో నేను పడుకున్నాను, లేచి ఆబగా తిన్నాను, మళ్లీ పడుకున్నాను. చూసేవారికి విశ్రాంతి తీసుకుంటున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం ఇక బతకడం అనవసరమన్న ఆలోచన చాలా ప్రశాంతంగా, తర్కబద్ధంగా వచ్చి కూర్చుంది. డాక్టరుగారు మొహమాటపడకుండా నేరుగా అడిగారు: "చనిపోవాలనిపిస్తోందా?" అవునన్నాను. కంగారుపడలేదు, ఉపన్యాసమివ్వలేదు. ఆ దశ గడిచేదాకా నన్ను గదిలో ఒంటరిగా ఉంచలేదు, అంతే. మానుకోవాలనుకునేవారు ఇంట్లో ఒంటరిగా తలుపేసుకుని మానుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఈ కారణంతోనే. ఒంటి బాధ తక్కువే కాబట్టి ఎవరి అవసరమూ లేదనిపిస్తుంది. ప్రమాదం ఒంట్లో కాదు, ఆ ప్రశాంతమైన తర్కంలో ఉంది.

అనుభూతికీ కొలతకూ మొదటి తేడా నిద్ర దగ్గర బయటపడింది. రెండు వారాలు దాటాక నిద్ర చక్కబడిందని రాసిచ్చాను. ప్రతి ఉదయం ఒక కాగితం మీద ఎలా పడుకున్నామో రాయాలి. నేను ఉదారంగా మార్కులు వేసుకుంటూ వచ్చాను. తర్వాత ఒక సాయంత్రం కౌన్సెలర్ నాతో ఏకాగ్రత పరీక్ష చేయించారు. తెర మీద చుక్క కనబడగానే మీట నొక్కాలి. మొదటి వారంలో చేసినదానికన్నా నెమ్మదిగా చేశాను. యంత్రం బాగాలేదేమో అన్నాను. ఆయన నవ్వి, యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించిన విషయం చెప్పారు. కొకెయిన్ మానినవారిని ఆసుపత్రిలోనే ఉంచి, రాత్రుళ్లు తలకు తీగలు అంటించి నిద్రను కొలిస్తే, వారాలు గడిచేకొద్దీ నిద్ర తగ్గుతూ పోయిందట. ఆ మనుషులు మాత్రం నిద్ర మెరుగవుతోందని చెబుతూ వచ్చారట. నిద్ర చాలడం లేదని గుర్తించే సామర్థ్యమే దెబ్బతింటుందన్నమాట. నిద్ర చాలకపోతే కొత్త అలవాట్లు మెదడులో కుదురుకోవు. చికిత్స అంటేనే కొత్త అలవాట్లు నేర్చుకోవడం కదా. ఆ రోజు నుంచి పడుకునే వేళ, లేచే వేళ గడియారం చూసి పాటించాను. అలసట ఉందా లేదా అని నన్ను నేను అడగడం మానేశాను.

తర్వాత వచ్చిన నెలల గురించి రాయడం కష్టం. రాయడానికి ఏమీ లేకపోవడమే వాటి లక్షణం. దిగులు కాదు. దిగులుకు కనీసం బరువుంటుంది. పాట వింటే శబ్దం వినబడేది, పాట వినబడేది కాదు. అక్క కూతురు పోటీలో గెలిచి పరుగెత్తుకుంటూ వచ్చి పతకం నా చేతిలో పెట్టింది. ఇది సంతోషించాల్సిన సందర్భమని నాకు స్పష్టంగా తెలుసు. తగిన మాటలు కూడా అన్నాను. లోపల ఏదీ కదల్లేదు. పిల్ల నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, పతకం తీసుకుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. పిల్లలకు తెలిసిపోతుంది.

ఉద్యోగం మానేద్దామనుకున్నది ఆ రోజుల్లోనే. ఈ పని ఎప్పుడూ నాకు నచ్చలేదని, ఈ జీవితం మొదటినుంచీ చప్పగానే ఉండేదని, కొకెయిన్ ఆ నిజాన్ని కప్పిపెట్టిందని ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నాను. చాలా పకడ్బందీ సిద్ధాంతం. డాక్టరుగారు చివరిదాకా విని, "మీ గ్రాహకాల సంఖ్య పెరిగాక కూడా ఇదే అభిప్రాయం ఉంటే నేనే మీ రాజీనామా ఉత్తరం రాసిపెడతాను. అప్పటిదాకా ఉద్యోగం, ఇల్లు, పెళ్లి, వీటిలో దేన్నీ కదిలించకండి" అన్నారు. నా జీవితం నిస్సారమని నేను వెలువరిస్తున్న తీర్పు వెనక ఉన్నది తత్వం కాదు, తక్కువ పడిన ప్రోటీన్లని అనుకోవడం మొదట అవమానంగానే తోచింది. కొన్నాళ్లకు అదే పెద్ద ఊరట అయింది.

ఈ రసాయనశాస్త్రం సాకుగా కూడా బాగా పనికొస్తుంది, అది ఒప్పుకోవాలి. ఒకరోజు ఏదో విషయంలో అక్క మీద అరిచి, తర్వాత "నేను కాదు, నా మెదడు పరిస్థితి అది" అన్నాను. "మెదడు మాత్రం ఎవరిది? పక్కింటివాళ్లదా?" అంది అక్క. దానికి వోల్కో దగ్గర కూడా జవాబు ఉండదు.

మందులేవీ లేవా అని చాలామంది అడుగుతారు. నల్లమందు జాతి వ్యసనానికి మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ ఉన్నాయి. పొగతాగడం మానేందుకు పట్టీలు, మాత్రలు ఉన్నాయి. కొకెయిన్ వ్యసనానికే ప్రత్యేకంగా అనుమతి పొందిన మందు ఇప్పటికీ లేదు. ఎన్నింటినో ప్రయత్నించారు, నిలకడగా నెగ్గినది లేదు. అన్నిటికన్నా గట్టి ఆధారాలున్న పద్ధతి వినడానికి మరీ చిన్నదిగా ఉంటుంది. మూత్ర పరీక్ష శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ అక్కడికక్కడే ఒక బహుమతి కూపన్ ఇస్తారు. వరుసగా శుభ్రంగా వస్తే దాని విలువ పెరుగుతుంది, ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటికి. వర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ 1990ల మొదట్లో దీన్ని పరీక్షించి చూపించారు. పెద్దవాళ్లకు తాయిలాలా అని నేను ఎగతాళి చేశాను. కానీ ఆలోచిస్తే తర్కం గట్టిదే. రేపటి ఆరోగ్యం, వచ్చే ఏటి పరువు లాంటి దూరపు ఫలితాలకు విలువ కట్టే భాగమే మందగించిన మెదడుకు, చేతికి వెంటనే అందేది కావాలి. నాకు మరో లాభం కూడా కనిపించింది. నా ప్రమేయం లేకుండా బయటినుంచి వచ్చే కొలత అది. నేను ఎలా ఉన్నానని చెప్పుకున్నా సీసా తన మాట తను చెబుతుంది.

మద్యం పూర్తిగా వద్దన్నారు. నా సమస్య మద్యం కాదుగా అని నేనూ అందరిలాగే వాదించాను. రెండూ కలిసి ఒంట్లో ఉన్నప్పుడు కాలేయం కొకఇథిలిన్ అనే మూడో పదార్థాన్ని తయారుచేస్తుంది. అది కొకెయిన్‌కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది, గుండెకు మరింత చేటు. తీసుకోని రోజుల్లో కూడా మద్యం అసలే బలహీనంగా ఉన్న ముందు మెదడును మరికాస్త నిద్రపుచ్చుతుంది. మా బృందంలో మళ్లీ జారిపోయినవారిలో ఎక్కువమంది కథలు గ్లాసుతోనే మొదలయ్యాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. యావ.

కొన్ని నెలలు గడిచాక యావ తగ్గిపోయిందని చెప్పడం మొదలుపెట్టాను. అబద్ధం కాదు. పది మార్కులకు ఎంత అని అడిగితే రెండు అనేవాణ్ణి, ఒకటి అనేవాణ్ణి. కేంద్రంవాళ్లు మెచ్చుకుంటారనుకుంటే, ఈ కాలంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలని పరీక్షలు మరింత దగ్గర చేశారు. నాకు కోపం వచ్చింది. అప్పుడు కౌన్సెలర్ ఎలుకల గురించి చెప్పారు. 2001లో వెలువడిన ఒక పరిశోధనలో, కొకెయిన్‌కు అలవాటుపడిన ఎలుకలను దానికి దూరంగా ఉంచి, కొన్నాళ్ల తర్వాత పాత సూచన చూపించారు. దూరంగా ఉంచిన కాలం పెరిగేకొద్దీ, రెండు నెలల వరకు, అంతకుముందు కొకెయిన్ కోసం నొక్కిన మీటను అవి మరింత ఆత్రంగా నొక్కాయి. యావ తగ్గలేదు, పొదిగింది. ఎలుకల మెదడులో కారణం కూడా దొరికింది. మానిన నెల దాటాక, న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట గ్లూటమేట్ అనే మరో సంకేత రసాయనాన్ని అందుకునే గ్రాహకాల్లో మామూలువాటికన్నా ఎక్కువగా స్పందించే రకం ఒకటి పోగవుతుంది. డోపమైన్ వ్యవస్థ మెల్లగా కోలుకుంటున్న కాలంలోనే, పక్కన జ్ఞాపకాల తీగలు బిగుసుకుంటున్నాయన్నమాట.

మనుషుల మీద 2016లో రీటా గోల్డ్‌స్టైన్ బృందం చేసిన పని ఇంకా సూటిగా నన్ను తాకింది. మానేసి రెండు రోజులైనవారి నుంచి ఏడాది అయినవారి దాకా 76 మందికి కొకెయిన్‌కు సంబంధించిన బొమ్మలు చూపిస్తూ మెదడు విద్యుత్ సంకేతాలను కొలిచారు. యావ ఎంత ఉందని నోటితో అడిగితే, మానిన కాలం పెరిగేకొద్దీ తక్కువ అన్నారు. మెదడు స్పందన మాత్రం నెల నుంచి ఆరు నెలల మధ్య గరిష్ఠానికి చేరి, ఏడాదివారిలోనే తగ్గి కనిపించింది. నేను "రెండు" అని చెప్పుకుంటున్న కాలం సరిగ్గా ఆ శిఖరం మీద ఉంది.

నమ్మకం కుదరలేదు. కుదిరించింది ఫోను. జీతం జమ అయిందని బ్యాంకు నుంచి సందేశం వచ్చినప్పుడు మోగే చిన్న శబ్దం ఉంటుంది కదా, అది విన్నాను. కొకెయిన్ గురించిన ఆలోచన కూడా నాకు రాలేదు. ఆలోచనకన్నా ముందే నోరెండిపోయింది, కడుపులో కలవరం, గుండె దడ, అరచేతుల్లో చెమట. ఏళ్లపాటు జీతం రోజున ఆ శబ్దం వెనకే సరుకు వచ్చేది. షుల్ట్జ్ కోతులకు సూచన ఎలాగో నాకు అది అలాగ. 2006లో వోల్కో బృందం, కొకెయిన్ వాడే దృశ్యాల వీడియో చూపించినంత మాత్రానే, అలవాట్లను నడిపే డోర్సల్ స్ట్రయేటమ్ అనే ప్రాంతంలో డోపమైన్ పెరుగుతుందని చూపించింది. పెరిగినకొద్దీ యావ కూడా ఎక్కువగా ఉంది. మనసు ఒప్పుకోకముందే అలవాటు లేచి చెప్పులు తొడుక్కుంటుంది.

అప్పటికప్పుడు చేసిన పనులు ఏమీ గొప్పవి కావు. జీతం అక్క ఖాతాకు వెళ్లేలా మార్పించాను. ఫోనులో శబ్దాలన్నీ తీసేశాను. పాత పరిచయస్తుల నంబర్లు నేను తీసేస్తే మళ్లీ రాసుకుంటానేమోనని, అసలు ఫోను నంబరే మార్చాను. ఇంట్లో గొడవలు, పనిలో ఒత్తిడి ఉన్న రోజున సాయంత్రం ఒంటరిగా ఉండకూడదని నియమం పెట్టుకున్నాను. ఒత్తిడి కలిగినప్పుడు యావ ఎంత ఎక్కువగా లేస్తే అంత త్వరగా మళ్లీ జారిపోతారని యేల్‌లోనే రజితా సిన్హా పరిశోధనల్లో తేలింది. ఇవన్నీ యావ లేనప్పుడు చేసుకోవాల్సిన ఏర్పాట్లు. ఉన్నప్పుడు చేద్దామంటే చేసే మనిషి ఇంట్లో ఉండడు.

కోలుకోవడం ఏ వరుసలో వచ్చిందో చెబితే కొందరికి పనికిరావచ్చు. ముందు కోపం వచ్చింది. తర్వాత విసుగు వచ్చింది. ఇది నాకు పెద్ద శుభవార్త, ఎందుకంటే విసుగు పుట్టాలంటే ఇంకేదో కావాలన్న కోరిక ఉండాలి. చప్పదనంలో ఆ కోరిక కూడా ఉండదు. నవ్వు చాలా ఆలస్యంగా, పనికిమాలిన జోకుకు వచ్చింది. పాట ఎప్పుడు తిరిగి వచ్చిందో గమనించలేదు. ఉద్యోగం విషయంలో నా పకడ్బందీ సిద్ధాంతం ఎవరూ ఖండించకుండానే కూలిపోయింది. ఇప్పుడూ ఆ పని అంత ఇష్టమేమీ కాదు, కానీ రాజీనామా ఉత్తరం రాయించుకోవడానికి వెళ్లలేదు.

2013లో వచ్చిన ఒక స్కాన్ల పరిశోధన ప్రకారం, సుమారు 35 వారాలు దాటి మానినవారిలో మెదడులోని కొన్ని ప్రాంతాల్లో బూడిద పదార్థం, అంటే నాడీకణాలు దట్టంగా ఉండే భాగం, అసలెప్పుడూ వాడనివారికన్నా ఎక్కువగా కనిపించింది. మా బృందంలో ఇది చదివి చప్పట్లు కొట్టారు. నాలోని తనిఖీదారు ఊరుకోలేదు. అందులో గానీ, 76 మంది పరిశోధనలో గానీ ఒకే మనిషిని ఏడాది పొడవునా వెంబడించి కొలవలేదు. వేర్వేరు దశల్లో ఉన్న వేర్వేరు మనుషులను పక్కపక్కన పెట్టి చూశారు. మొదటినుంచీ గట్టి మెదడు ఉన్నవారే 35 వారాలు నిలబడ్డారేమో. ఈ మాట పైకి అంటే అందరూ నావైపు విసుగ్గా చూశారు. అయినా ఆ ఫలితాన్ని నేనూ ఇష్టంగానే దాచుకున్నాను. మెదడు పాత స్థితికి తిరిగి వెళ్తుందన్న మాటకన్నా, ఆగడం నేర్చుకుంటూ కొత్తగా కట్టుకుంటుందన్న మాట నా అనుభవానికి దగ్గరగా ఉంది.

ఏడాది దాటాక డాక్టరుగారు పరీక్షలు తగ్గిద్దామన్నారు. వద్దన్నాను. "మీకు బాగానే ఉంది కదా" అన్నారు. బాగానే ఉందని అనిపిస్తోంది కాబట్టే వద్దన్నాను. ఆవిడ నవ్వి కొనసాగించమని రాశారు. జీతం ఇప్పటికీ అక్క ఖాతాకే వెళ్తోంది. ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అని అడిగితే "ఉన్నాయిలే" అంటుంది. ఒక్క పద్దు కూడా రాయదు. ఆ విషయంలో మా ఇద్దరికీ నెలకోసారి గొడవ తప్పడం లేదు.